ఏటవాలు కమానులు: పాతకాలపు హాట్ రాడ్ చట్రమున వాని అమరిక

జట్కాబండి యెక్కినవారికి కమాను క్రొత్త వస్తువు కాదు. వంచిన ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ బిగించి, బండికిని ఇరుసునకును మధ్య నిలిపిన కట్టయే కమాను. విల్లు అను అర్థము గల పారసీక పదమునుండి ఈ మాట తెలుగునకు వచ్చినది. కన్నడమునను మరాఠీలోను ఇదే మాట వంపునకు, తోరణమునకు చెల్లుచున్నది. జట్కా పోయి లారీ వచ్చినను మాట మారలేదు; లారీ మేస్త్రీలు నేటికిని కమాను కట్ట యనియే పిలుచుచున్నారు.

ఆ కమానునే అమెరికా దేశమున హాట్ రాడ్ లనబడు వేగపు కార్లకు కొంచెము ఏటవాలుగా అమర్చు పద్ధతి యొకటి కలదు. చూచుటకు సులభముగా తోచు ఈ పనిలో లెక్కలు పెక్కు గలవు. ఇందు జరిగిన పొరపాటు కారు నిలిచియున్నపుడు కనబడదు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున మలుపు తిరుగునపుడే అది బయటపడును. అప్పటికి సరిదిద్దుకొను వ్యవధి యుండదు. కావున ఈ అమరికలోని కారణములను, క్రమమును ఎరుగుట యంత్రములపై ఆసక్తి గలవారికి ప్రయోజనకరము.

1. హాట్ రాడ్ అనగా నేమి?

దక్షిణ కాలిఫోర్నియాలో మురాక్, ఎల్ మిరాజ్ మొదలగు ఎండిన సరస్సులు కలవు. వాని నేల బల్లపరుపుగ, గట్టిగ నుండును. 1920, 1930 దశాబ్దములలో అచ్చటి యువకులు చౌకగా దొరకు పాత ఫోర్డు కార్లను కొని, బరువు తగ్గించుటకై మడ్‌గార్డులు మొదలగువానిని ఊడదీసి, ఇంజనులకు బలము కూర్చి, ఆ నేలపై వేగపరీక్షలు జరుపుకొనెడివారు. ఈ పరీక్షలను క్రమబద్ధము చేయుటకు 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ వ్యాసంగము దేశమంతట వ్యాపించినది. 1948 జనవరిలో హాట్ రాడ్ అను పేరనే పత్రిక వెలువడినది. 1949లో ఊటా రాష్ట్రమందలి బోనవిల్ ఉప్పునేలపై వేగవారోత్సవము ప్రారంభమైనది. 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపింపబడినది.

ఈ కార్లలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది 1932 నాటి ఫోర్డు. దాని ఇరుసుల మధ్య దూరము 106 అంగుళములు. సామాన్యులు కొనగల వెలకు ఎనిమిది సిలిండర్ల వీ ఇంజనును, 221 ఘనపుటంగుళముల పరిమాణముతో, 65 అశ్వశక్తితో, ఫోర్డు సంస్థ ఆ యేడు అందించినది. తేలికయైన బండికి బలమైన ఇంజను తోడగుటయే హాట్ రాడ్ యొక్క మూలసూత్రము. అయితే బలము పెరిగినకొలది దానిని నేలకు చేర్చు భారము వెనుక కమానులపై బడును.

2. అడ్డకమాను నుండి నిలువు కమానునకు

1908లో వచ్చిన మోడల్ టీ మొదలు 1948 వరకు ఫోర్డు కార్ల ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును ఒక్కొక్క కమాను మాత్రమే యుండెడిది. అది కారునకు అడ్డముగ, ఇరుసు వెంబడి పరచియుండెడిది. ఆ కమాను చేయు పని బరువు మోయుట మాత్రమే. ఇరుసును ముందునకు వెనుకకు కదలనీయక పట్టు పనిని, చక్రము త్రిప్పునపుడు కలుగు ఎదురు మెలికను ఆపు పనిని టార్క్ ట్యూబు అను గొట్టమును, రేడియస్ రాడ్లను చేసెడివి. ప్రొపెల్లర్ షాఫ్టు ఆ గొట్టము లోపలనే తిరుగుచుండెడిది.

పాత చట్రమున క్రొత్త ఇంజను, క్రొత్త గేర్ బాక్సు అమర్చినపుడు చిక్కు ఏర్పడును. ఉదాహరణమునకు షెవ్రొలే సంస్థ 1955లో తెచ్చిన 265 ఘనపుటంగుళముల వీ ఇంజను హాట్ రాడ్ కర్తలకు మిక్కిలి ప్రియమైనది. అట్టి ఇంజనుల వెనుక బయటకు కనబడు షాఫ్టు ఉండును గాని గొట్టముండదు. గొట్టము తీసివేసినచో ఇరుసును పట్టియుంచు ఆధారము పోవును. అడ్డకమాను ఒక్కటియే ఆ పని చేయజాలదు. అప్పుడు కారు పొడవునకు రెండు ప్రక్కల రెండు కమానులను నిలువుగ నమర్చి, వానితోనే ఇరుసును పట్టించుట యొక మార్గము. దీనికి హాచ్‌కిస్ పద్ధతి యని పేరు. ఫోర్డు సంస్థ తానును 1949 కారునకు వెనుక ఈ నిలువు కమానులనే స్వీకరించినది.

3. కమాను చేయు నాలుగు పనులు

హాచ్‌కిస్ పద్ధతిలో కమాను ఒక్క బరువునే మోయునని తలచుట పొరపాటు. మొదటి పని బరువు మోయుట. రెండవది కారును ముందునకు నెట్టుట. చక్రము నేలను వెనుకకు తన్నగా కలిగిన తోపుడు ఇరుసునుండి కమాను ముందు సగము ద్వారా, ముందు కంటి బోల్టు ద్వారా చట్రమునకు చేరును. మూడవది మెలికను ఆపుట. చక్రములు ముందునకు తిరుగునపుడు ఇరుసు గూడు వెనుకకు తిరుగజూచును, పీనియన్ ముక్కు పైకి లేవజూచును, దానిని కమాను వంగియే అణచవలెను. నాలుగవది ప్రక్కకు తొలగకుండ ఇరుసును నిలుపుట.

ఒక వస్తువు నాలుగు పనులు చేయునపుడు, ఒకదానికి మేలైనది వేరొకదానికి కీడగును. మెత్తని కమాను ప్రయాణసుఖము నిచ్చును గాని మెలికకు లొంగును. గట్టి కమాను మెలిక నాపును గాని ఎముకలు కదల్చును. ఈ రెంటి మధ్య కొలత తెలిసి నిలుపుటయే నేర్పు.

4. బలమునకు లెక్క

కమాను గట్టితనము పట్టీల సంఖ్యకు, వెడల్పునకు సరిగా పెరుగును. పట్టీ మందమునకు ఘనము చొప్పున పెరుగును. కమాను పొడవునకు ఘనము చొప్పున తగ్గును. 6 మిల్లీమీటర్ల పట్టీకి బదులు 7 మిల్లీమీటర్ల పట్టీలు వాడినచో గట్టితనము సుమారు 59 శాతము హెచ్చును. 1200 మిల్లీమీటర్ల కమానును 1100కు కుదించినచో సుమారు 30 శాతము హెచ్చును. కంటికి స్వల్పముగా తోచు మార్పు ఫలితమున ఎంత పెద్దదో దీనివలన తెలియగలదు.

ఒక ఉదాహరణము: పొడవు 1200, వెడల్పు 45, మందము 6 మిల్లీమీటర్లు గల ఐదు పట్టీల కమాను. ఇది ఒక్కొక్క మిల్లీమీటరు దిగుటకు సుమారు ఒకటిన్నర కిలోల బరువు కావలెను. తేలికపాటి హాట్ రాడ్ వెనుకభాగమున ఇరుసు, చక్రముల బరువు పోగా ఒక్కొక్క కమానుపై 200 కిలోలు పడినవనుకొనిన, అది సుమారు 130 మిల్లీమీటర్లు దిగును. అట్టి కారు నిమిషమునకు సుమారు 82 మారులు ఊగును. ఇది శరీరమునకు ఓర్వదగిన ఊపు. ఒక పట్టీ తీసివేసినచో కమాను 160 మిల్లీమీటర్లకు మించి దిగును, ఊపు 74కు తగ్గును. అనగా ప్రయాణము మెత్తనగును. కాని మిగిలిన పట్టీలపై ఒత్తిడి పెరుగును, మెలికను ఆపు శక్తి తగ్గును.

ఈ లెక్క కాగితముపై సరిపోయినను, కారు పూర్తి బరువు తెలియక చేసిన లెక్క నిష్ప్రయోజనము. సగము కట్టిన కారును తూచి కమాను ఎన్నుకొన్నవారు తరువాత మరల కొనవలసి వచ్చును.

5. ఏటవాలు ఎందులకు?

ఏటవాలు అను మాటకు ఇచ్చట రెండు అర్థములు కలవు. పైనుండి చూచినపుడు కమాను కారు నడిగీతకు సమాంతరముగ నుండక ప్రక్కకు వాలియుండుట ఒకటి. ప్రక్కనుండి చూచినపుడు ముందు కన్ను ఎత్తు వేరు, వెనుక కన్ను ఎత్తు వేరుగ నుండుట రెండవది. ఈ రెంటి ఫలములు వేరువేరు.

మొదటిదానికి కారణము చట్రపు ఆకారమే. 1932 నాటి ఫోర్డు చట్రము ముందు ఇరుకై, వెనుకకు పోవుకొలది వెడల్పగును. కమానును ప్రక్కదూలము క్రిందనే దాచి అమర్చవలెనన్న, కమాను కూడ దూలము వెంబడి బయటకు వాలక తప్పదు. 1200 మిల్లీమీటర్ల కమానునకు వెనుక కన్ను ముందు కంటికంటె 105 మిల్లీమీటర్లు బయటకు జరిగినచో వాలు 5 డిగ్రీలగును. ఇందొక లాభమును కలదు. రెండు కమానులు ఎదురెదురు వాలుగ నుండుటచే ప్రక్కనుండి వచ్చు తోపుడు కొంత కమానుల పొడవు వెంబడి పోవును. ఇరుసు ప్రక్కకు ఊగుట కొంత తగ్గును.

నష్టమును కలదు. ఇరుసు పైకి లేచినపుడు కమాను నడుము ముందు కంటి చుట్టు ఒక చాపము గీయును. కమాను చదునుగ నున్న స్థితినుండి ఇరుసు 75 మిల్లీమీటర్లు కదలిన, నడుము సుమారు 6 మిల్లీమీటర్లు కమాను పొడవు దిశగా జరుగును. కమాను వాలియున్నందున ఆ జరుగుటలో కొంతభాగము ప్రక్కకగును. కుడి కమాను ఒక దిక్కునకు, ఎడమ కమాను దాని కెదురు దిక్కునకు ఇరుసును లాగును. ఇరుసు సాగదు, కుంచించదు; కావున ఆ తేడాను బుష్‌లలోని రబ్బరే భరింపవలెను. 5 డిగ్రీల వాలునకు ఈ తేడా ఒక్కొక్క ప్రక్క సుమారు అర మిల్లీమీటరు. 10 డిగ్రీలకు ఒక మిల్లీమీటరు. 20 డిగ్రీలకు రెండు మిల్లీమీటర్లు మించును. మొదటిదానిని రబ్బరు సులభముగ భరించును. చివరిదానివలన కమాను బిగిసి, కన్నులు అరిగి, బ్రాకెట్ల వెల్డింగు చిట్లును. అందువలన వాలు ఎంత తక్కువయైన అంత మేలు.

6. అమర్చు క్రమము

మొదట చట్రమును సమమట్టమున నిలిపి, నడిగీతను దారము పట్టి నేలపై గీయవలెను. కొలతలన్నియు ఈ గీతనుండియే. పాతచట్రము ఒక ప్రక్కకు వంగియున్నదేమో మూలలనుండి మూలలకు కొలిచి ముందుగనే చూచుకొనవలెను. వంకర చట్రమునకు సరియైన కమాను బిగించినను ఫలము వంకరయే.

రెండవది నడుపునప్పటి ఎత్తును నిర్ణయించుట. చక్రములు ఉండవలసినచోట ఇరుసును దిమ్మెలపై నిలిపి, చట్రమును దాని ఎత్తున నిలుపవలెను. కమానును బరువు పడినపుడు ఉండు వంపునకు తెచ్చి కొలతలు తీయవలెను గాని, ఖాళీ కమాను వంపుతో తీయరాదు. 130 మిల్లీమీటర్లు దిగబోవు కమానును దిగకమునుపే కొలిచినవాని కొలతలన్నియు తప్పగును.

మూడవది కన్నుల బోల్టులు. ఏటవాలు అమరికలో పలువురు తప్పు చేయునది ఇచ్చటనే. ముందు కంటి బోల్టు, వెనుక షాకిల్ బోల్టులు రెండును కమాను గీతకు లంబముగ నుండవలెను. కారు నడిగీతకు లంబముగ గాదు. తలుపు బందులను తలచుకొనిన ఇది సులభముగ తెలియును. రెండు బందుల ఇరుసులు ఒకే గీతలో లేనిచో తలుపు బిగిసి కీచుమనును. అట్లే బోల్టులు కమానునకు లంబముగ లేనిచో ఇరుసు లేచిన ప్రతిసారి కమాను మెలిపడును. బుష్ ఒక అంచున అరుగును. మెయిన్ పట్టీ కంటివద్ద బీటవారును. కావున బ్రాకెట్లను కూడ 5 డిగ్రీలు త్రిప్పియే దూలమునకు అతుకవలెను.

నాలుగవది ఇరుసుపైని పీఠము. పీఠము కూడ కమాను వాలు ననుసరించి త్రిప్పబడవలెను. 125 మిల్లీమీటర్ల పీఠమును ఇరుసునకు నేరుగ అతికి, దానిపై 5 డిగ్రీల వాలు కమానును ఉంచినచో, పీఠము ఒక కొననుండి మరియొక కొనకు సుమారు 11 మిల్లీమీటర్ల తేడా వచ్చును. యూ బోల్టులు ప్రక్కకు లాగును. సెంటర్ బోల్టు ఒక్కటియే భారము మోసి తెగును. సెంటర్ బోల్టు తల పీఠపు రంధ్రమున సరిగా కూర్చుండవలెను. దాని పని స్థానము చూపుట మాత్రమే. పట్టు యూ బోల్టులదే.

ఐదవది షాకిల్. వెనుక కన్నును చట్రమునకు కలుపు ఈ చిన్న ఊయల లేనిచో కమాను చదునగునపుడు పొడవు పెరుగుటకు తావుండదు. పైన చట్రమునకు వ్రేలాడు షాకిల్, నడుపునప్పటి ఎత్తున, నిలువునుండి 30 మొదలు 45 డిగ్రీలవరకు క్రింది కొన వెనుకకు వాలియుండుట కర్మాగారముల వాడుక. కమాను పూర్తిగ వ్రేలాడినపుడు అది ముందునకు తిరుగబడరాదు. పూర్తిగ అణగినపుడు దూలమునకు తగులరాదు. ఈ రెండు హద్దులను జాకీతో ఎత్తి, దించి కన్నులార చూచిన తరువాతనే బ్రాకెటును పూర్తిగ అతుకవలెను.

ఆరవది ప్రక్కచూపు వాలు. ముందు కన్ను ఇరుసుకంటె కొంచెము క్రిందుగ నుండిన, మలుపున బయటి చక్రము పైకి లేచునపుడు ముందునకు జరుగును; లోపలి చక్రము వెనుకకు జరుగును. ఇరుసు మలుపు లోపలికి చూచును. కారు నిదానముగ, నమ్మకముగ తిరుగును. ముందు కన్ను మరీ ఎత్తున నున్న ఫలము విపరీతము. బయటి చక్రము వెనుకకు జరుగును, కారు తోక బయటకు విసరబోవును. కారు క్రిందుగ కనబడవలెనను కోరికతో ఇరుసు క్రింది కమానును ఎట్లో ఇరికించువారు మరచునది ఈ సూత్రమునే.

ఏడవది పీనియన్ కోణము. గేర్ బాక్సు అక్షము వెనుకకు 3 డిగ్రీలు వాలియున్నచో, పీనియన్ ముక్కు 3 డిగ్రీలు పైకెత్తిన రెండు అక్షములు సమాంతరములగును. అప్పుడు షాఫ్టు రెండు కీళ్ల అదురు ఒకదాని నొకటి రద్దుచేసికొనును. కాని కమాను కార్లలో వేగము పెంచునపుడు ముక్కు పైకి లేచును. అందులకై నిలిచియున్నపుడు సమాంతరమునకు ఒకటి రెండు డిగ్రీలు తక్కువగ నుంచుట రివాజు. పీఠమును ఇరుసు గూటికి చుక్కలుగ మాత్రమే అతికి, కారు పూర్తిబరువు పడిన పిమ్మట కోణము మరల చూచి, అప్పుడే నిండుగ అతుకవలెను.

ఎనిమిదవది బిగింపు. రబ్బరు బుష్‌ల బోల్టులను కారు నేలపై తన బరువుతో నిలిచిన తరువాతనే కడపట బిగించవలెను. జాకీపై వ్రేలాడుచుండగా బిగించిన రబ్బరు, కారు దిగగానే మెలిపడి, ఆ మెలికలోనే యుండి త్వరలో చిరుగును. ముందు కన్నుల బోల్టులనుండి ఇరుసువరకు ఇరుప్రక్కల కొలిచి, తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించకుండ చూడవలెను. కొంతదూరము నడిపిన తరువాత యూ బోల్టులను మరల బిగించుట తప్పనిసరి.

7. చేయరాని పనులు

కారును దించుటకై కమానును మంటపై కాచి వంచువారు కలరు. కమాను ఉక్కుకు బలము దాని పదునుచేసిన గుణమువలన వచ్చినది. మంట తగిలినచోట ఆ గుణము పోవును. ఆ చోట పట్టీ వంగి తిరిగి లేవదు, లేక ఒకనాడు విరుగును. అట్లే పట్టీలపై వెల్డింగు నిప్పురవ్వలు పడనీయరాదు. దగ్గరలో అతుకునపుడు తడిగోనె కప్పవలెను. కారును దించవలెనన్న తక్కువ వంపు గల కమానును వేయవచ్చును, లేదా కన్నులను తిరగేసి చుట్టిన మెయిన్ పట్టీని వేయవచ్చును. ఇరుసునకును కమానునకును నడుమ దిమ్మె పెట్టిన మెలిక చేయి పొడవగునని మరువరాదు. దిమ్మెపై దిమ్మె ఎన్నటికిని పెట్టరాదు.

మెలికను ఆపుటకై ఇనుప కడ్డీలను అదనముగ తగిలించునపుడు కూడ జాగ్రత్త యవసరము. కారునకు నేరుగ నున్న కడ్డీ ఒక చాపమును, వాలియున్న కమాను వేరొక చాపమును గీయును. రెండు చాపములు కలియనిచో రెంటిలో నొకటి విరుగును.

8. ముగింపు

లోపమును కారే తెలుపును. వేగము పెంచగానే వెనుక చక్రములు ఎగిరెగిరి పడినచో మెలిక ఎక్కువైనదని తెలియును. తిన్నని దారిలో కారు ఒక ప్రక్కకు నడచినచో ఇరుసు అడ్డముగ నిలిచినదని తెలియును. ప్రతి గుంతవద్ద కీచుమనిన బోల్టులు లంబముగ లేవని, ఒక వేగమున మాత్రమే అదరిన పీనియన్ కోణము తప్పినదని గ్రహింపవలెను. వినగలవానికి ఇవి చాలును.

భారతదేశమున రోడ్డుపై తిరుగు వాహనములకు ఇట్టి మార్పులను 1988 మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము నియంత్రించుచున్నదని కూడ తెలిసియుండుట మంచిది. అయినను ఇందలి సూత్రములు హాట్ రాడ్ కు మాత్రమే పరిమితములు కావు. బరువు పడిన తరువాతనే కొలువుము, బోల్టు కమానునకు లంబముగ నుండవలెను, మంట కమానునకు శత్రువు: ఈ మూడు మాటలు లారీకిని జట్కాకును కూడ చెల్లును. కాలిఫోర్నియా ఎండు సరస్సుపై పరుగెత్తు కారైనను, సరకుతో ఘాటు దిగు లారీయైనను, లోపల కూర్చున్నవారి ప్రాణము ఆధారపడునది ఆ ఉక్కు పట్టీల కట్టపైననే గదా!